చిత్రిక పట్టించిన స్తంభం

మా వీధిని వారసత్వ వీధిగా గుర్తించబోతున్నారన్న కబురు నాకు మొదట చెప్పింది పక్క కొట్టు టైలరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "మనం బాగా పాతబడిపోయేమంటండి. అందుకని బోర్డు పెడతారంట" అన్నాడు. "బోర్డు పెడితే పెట్టారు గానీ, దండ వెయ్యకుండా ఉంటే చాలు" అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి అదంతా నాకు వేళాకోళంగానే ఉంది.

యానాం అనగానే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి బ్రాందీ షాపులు గుర్తొస్తాయి. పుదుచ్చేరివాళ్ళకి మేం ఎక్కడో గోదావరి ఒడ్డున మిగిలిపోయిన నాలుగు వీధులం. ఫ్రెంచివాళ్ళ కాలం నాటి కట్టడాలు చూద్దామని ఎవరైనా వస్తే నది ఒడ్డున ఫోటో దిగి, ఎండకి తట్టుకోలేక గంటలో వెళ్ళిపోతారు. మా పాత బజారు వీధిలోకి రారు. రావడానికి ఏముంది గనక? బిందెలకు మాట్లు వేసే కొట్టొకటి, తాళ్ళూ వలదారాలూ అమ్మే కొట్టొకటి, కాళ్ళతో తొక్కే మిషను మీద ఇంకా లంగాలు కుట్టే టైలరు, ఆయన పక్కన మా వెదురు కొట్టు. వాటి మధ్య మధ్య సెల్‌ఫోను కవర్లు అమ్మేవాళ్ళు, జిరాక్సులు తీసేవాళ్ళు. మధ్యాహ్నం పూట వీధిలో నడిచే మనుషుల కంటే నిద్రపోయే కుక్కలే ఎక్కువ.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మా పుట్టిల్లు తాళ్ళరేవు వైపు. వెదురు పని మా అత్తింటివాళ్ళది. మామగారు పోయాక కొట్టు మా అత్తా నేనూ చూసుకుంటున్నాం. మా ఆయన ఆటో నడుపుతారు. ఇంటరు దాకా చదివాను కాబట్టి ఇంట్లో కాగితం ఏదొచ్చినా నా చేతికే వస్తుంది. కొట్టు వెనక భాగంలో చాప వేసుకుని అత్త బద్దలు చీల్చి గంపలు అల్లుతుంది. ముందు భాగంలో నేను ప్లాస్టిక్ టబ్బులూ కుర్చీలూ బకెట్లూ అమ్ముతాను. అవి తెచ్చింది నేనే. గంపలొక్కటే నమ్ముకుంటే పొయ్యి వెలగదని మొండికేసి తెచ్చాను. అత్త అడ్డు చెప్పలేదు గానీ, పొద్దున్నే కొట్టు తీసినప్పుడల్లా, "ఏమ్మా, నీ రంగుల సంసారం బయట పెట్టేవా?" అని ఎత్తిపొడవడం మాత్రం మానలేదు.

ఇక స్తంభం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగిలినదేదీ అర్థం కాదు.

మా కొట్టు ముందు పెంకుల చూరుని మోసే టేకు స్తంభం ఒకటుంది. మా మామగారి తండ్రి నిలబెట్టించాడట. దాని మీద, భుజం ఎత్తు నుంచి మొదలుపెట్టి చెయ్యెత్తితే అందేదాకా, కత్తితో పెట్టిన గాట్లుండేవి. ఎన్నో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. అవి చేపలమ్మే ఆడవాళ్ళ కొలతలు. నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషికి గంప లోతు సరిపోవాలి. లోతు ఎక్కువైతే చెయ్యెత్తినా అంచు అందదు. తక్కువైతే మోచెయ్యి వంచి పట్టుకోవాలి, పావుకోసు నడిచేసరికి భుజం పీకేస్తుంది. అందుకని కొత్తగా గంప ఎత్తబోయే పిల్లని వాళ్ళమ్మ మా కొట్టుకి తీసుకొచ్చేది. పిల్ల స్తంభానికి వీపు ఆనించి నిలబడి, నెత్తిన గుడ్డతో చేసిన చుట్టకుదురు పెట్టుకుని, కుడి చెయ్యి ఎత్తి, అంచు పట్టుకున్నట్టు వేళ్ళు వంచేది. మా అత్త చుట్టకుదురు దగ్గర ఒక గాటు, వేళ్ళ దగ్గర ఒక గాటు పెట్టేది. ఆ రెండు గాట్ల మధ్య ఎంతుందో గంప లోతు అంత.

ఎవరి గాట్లు ఎవరివో తెలియడానికి పక్కన గుర్తు ఉండేది. అత్తకి చదువు రాదు. ఒకరికి అడ్డగీత, ఒకరికి చేపతోక, ఒకరికి మూడు చుక్కలు. ఒకసారి కొలత పడితే ఆ మనిషి మళ్ళీ రావక్కర్లేదు. ఏడాదికో రెండేళ్ళకో గంప చివికిపోతే, ఇటు వచ్చేవాళ్ళెవరితోనైనా 'నా గంపొకటి అల్లమన్నానని చెప్పు' అంటే చాలు. అత్త స్తంభం దగ్గరికి వెళ్ళి, బద్దని గాట్లకి ఆనించి, గోటితో నొక్కుకుని వచ్చి అల్లేది. మనిషి చచ్చిపోయినా గాటు చెరిపేవాళ్ళు కాదు. చెరపాలని ఎవరికీ తోచేది కాదనుకుంటాను.

నేను కాపురానికి వచ్చేసరికే ఆ ఆడవాళ్ళు అల్యూమినియం బేసిన్లలోకీ, తర్వాత్తర్వాత నేనమ్మే ప్లాస్టిక్ టబ్బుల్లోకీ మారిపోతున్నారు. చాలామంది నడక మానేసి ఆటోల్లో వెళ్తున్నారు. చివరికి వెదురు గంప కావాలని కబురు పెట్టేవాళ్ళు ముగ్గురో నలుగురో మిగిలారు.

వాళ్ళలో ఒకావిడ పక్కనున్న అడవిపొలం అనే ఊరి నుంచి వచ్చేది. మా అత్తని అక్కా అని పిలిచేది కాబట్టి నాకు చిన్నత్త. అరవై దాటాయి. గంప ఎత్తడం మానేసి చాలా కాలమైంది. అయినా ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి, ఏమీ కొనకుండా, మా స్తంభం పక్కన కాసేపు నిలబడి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేది. నిజం చెప్పొద్దూ, నాకు చిరాకేసేది. సంత రోజు కొట్టుకి అడ్డంగా నిలబడితే బేరాలు ఎలా వస్తాయి? ఒకసారి విసుక్కుంటే, బద్ద చీలుస్తూనే అత్త చెప్పింది. ఆవిడకి ఒక్కతే కూతురు. పదహారేళ్ళప్పుడు తెచ్చి కొలత పెట్టించింది. ఆ పిల్ల ఒక వానాకాలం గంప మోసింది. కార్తీకంలో జ్వరం వచ్చి మూడోరోజు పోయింది. బడిలో తీసిన ఫోటో ఒకటుంటే, ఇంట్లోకి వరద నీళ్ళొచ్చినప్పుడు తడిసి మొహం మొత్తం పోయింది. గంప ఎప్పుడో చివికిపోయింది. స్తంభం మీద తల్లి గాట్ల పక్కనే కూతురివి ఉన్నాయి, రెండు గాట్లూ మధ్యలో బొట్టంత చుక్కా. ఆవిడ వచ్చి నిలబడేది ఆ చుక్క పక్కన.

అత్త ఇదంతా చెబుతున్నప్పుడు నేనొక బకెట్టు బేరంలో ఉన్నాను. ఊఁ ఊఁ అన్నాను. విన్నాను, కానీ మనసుకి పట్టించుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆ బకెట్టు రంగు కూడా గుర్తొస్తోంది, ఆకుపచ్చ. ఆ పిల్ల పేరు అత్త చెప్పిందో లేదో మాత్రం గుర్తు రావడం లేదు.

టైలరు చెప్పిన కబురు నిజమేనని రెండు నెలల తర్వాత కాగితం వచ్చింది. పుదుచ్చేరి నుంచి ఒక బృందం వస్తుందట. చేతిపని ఇంకా నడుస్తున్న కొట్లు చూసి జాబితా రాస్తుందట. జాబితాలో ఉన్న కొట్లని వీధి వెడల్పు చేసేటప్పుడు కదపరట. ఆ చివరి మాట చదివేసరికి నాకు వేళాకోళం పోయింది. వీధి వెడల్పు సంగతి అంతకుముందే నలుగుతోంది. మా చూరు, స్తంభం, అరుగు, సగం కొట్టు రోడ్డులోకి వస్తాయని కొలిచి వెళ్ళారు కూడా. ఎలాగైనా జాబితాలో చేరాలి. అది తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

సరిగ్గా అప్పుడే అత్త ఏరు దాటి చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలి మనవరాలికి పురుడు. పది రోజులు అక్కడే ఉంది. ఆ పది రోజుల్లో నేను కొట్టుని పెళ్ళిల్లు చేసేశాను. ప్లాస్టిక్ అంతా కట్టకట్టి ఇంట్లో మంచం కింద దాచాను. గోడలకి సున్నం వేయించాను. బూజు దులిపాను. మసిబారిన పాత గంపలు తీసేసి, అత్త అల్లి ఉంచిన కొత్తవి సైజుల వారీగా వరసగా పేర్చాను. పెద్ద మనుషులు మనింటికి వస్తున్నారంటే ఎవరైనా చేసే పనే కదా. అన్నీ అయ్యాక వీధిలో నిలబడి చూస్తే స్తంభం ఒక్కటే మురికిగా కనిపించింది. ఇన్నేళ్ళ చేతుల జిడ్డు, చేపనూనె, తమలపాకు సున్నం మరకలు, ఆ గాట్లు. కొత్త చీర కట్టుకుని పాత చెప్పులు వేసుకున్నట్టుంది. మా ఆయన తనకి తెలిసిన వడ్రంగిని పంపారు.

ఆ వడ్రంగి మంచివాడు. స్తంభం మీద అరచేత్తో రాసి చూసి, "ఇయ్యేయో గాట్లున్నాయి వదినా. కావాలని పెట్టినట్టున్నాయి. ఉంచెయ్యనా?" అని అడిగాడు.

అడిగాడు. అది నేను మర్చిపోలేను. నాకు తెలియకుండా జరిగిందని చెప్పుకోవడానికి వీల్లేకుండా అడిగాడు.

"ఎందుకయ్యా, ఇప్పుడు ఎవరూ వాడట్లేదు. చిత్రిక పట్టెయ్" అన్నాను.

రెండు పూటల్లో స్తంభం కొత్తగా అయిపోయింది. లోపల టేకు ఇంకా బంగారు రంగులో ఉంది. వార్నిషు వేస్తే మెరిసిపోయింది. కింద పడ్డ పొట్టు గోనెసంచిలోకి ఎత్తి, నాలుగు రోజులు దానితోనే స్నానాలకి నీళ్ళు కాచాను. బాగా మండింది. పనికొచ్చేది పారెయ్యలేదని నాలో నేను మురిసిపోయాను కూడా.

అత్త ఉదయం పూట బస్సు దిగి వచ్చింది. సంచి ఇంకా చేతిలోనే ఉంది. వీధిలో కొట్టుకి ఎదురుగా ఆగిపోయింది. బాగుందా అని అడగబోయి ఆవిడ మొహం చూసి మానుకున్నాను. అత్త వచ్చి స్తంభం మీద చెయ్యి వేసింది. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి రాసింది. తర్వాత వెనక వైపుకి వెళ్ళి అక్కడా రాసింది. అటువైపు ఎప్పుడూ గాట్లు లేవని ఆవిడకి తెలుసు. అయినా చూసింది.

"పొట్టేం చేసేవు?" అని అడిగింది.

"నీళ్ళు కాచాను అత్తా."

సంచి అక్కడే పెట్టి అరుగు మీద కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మా అత్త నోరు చిన్నది కాదు. ఉప్పు ఎక్కువైతే వీధి చివరి దాకా వినబడేలా అంటుంది. ఆ రోజు కాఫీ ఇస్తే తాగింది. మగపిల్లాడు పుట్టాడని, బరువున్నాడని చెప్పింది. లోపలికి వెళ్ళి చాప పరుచుకుని, కత్తి తీసుకుని, బద్ద చీల్చడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక్క మాట అడిగింది.

"మరి దానికేం చెప్తావు?"

ఎవరికని నేను అడగలేదు. అడవిపొలం చిన్నత్త ఎన్నేళ్ళుగానో స్తంభం పక్కన ఎందుకు నిలబడేదో, ఆ బకెట్టు బేరం నాడు నేను వినీ విననట్టు విన్నదంతా, అన్నం ముద్ద చేతిలో ఉండగా ఒక్కసారి వచ్చి మీద పడింది. ఆ ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. ఏడిచాను. అత్త ఓదార్చలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

మూడు రోజుల తర్వాత బృందం వచ్చింది. పెద్దావిడ ఒకరు, నెరిసిన జుట్టు, నూలు చీర. పాత కట్టడాల పని చదువుకున్నావిడట. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. ఆవిడతో కెమెరా పట్టుకున్న ఇద్దరు. ఆవిడ మంచి మనిషి. నేనేదో దొరసానిలా ఉంటుందనుకున్నాను గానీ, వచ్చీ రాగానే చెప్పులు విప్పి అత్త పక్కన చాప మీద కూర్చుంది. బద్దలు ఎలా నానబెడతారు, కణుపు దగ్గర ఎలా చీలుస్తారు, వెదురు ఎక్కడి నుంచి వస్తుంది, అన్నీ అడిగింది. ఒకప్పుడు ఏజెన్సీ నుంచి గోదావరి మీద తెప్పలుగా కట్టి తెచ్చేవారని, ఇప్పుడు రాజమండ్రి నుంచి లారీలో వస్తుందని అత్త చెప్పింది. ఆవిడ రాసుకుంది. కొట్టంతా తిరిగి చూసి, "చాలా శుభ్రంగా ఉంచారు" అంది. మెచ్చుకుంటోందో, ఏదో వెతుకుతూ దొరక్క అంటోందో నాకు తెలియలేదు. స్తంభం మీద చెయ్యి వేసి, "ఇది పాత స్తంభమా, కొత్తదా?" అని అడిగింది.

"పాతదేనండి. బాగు చేయించాం" అన్నాను.

తర్వాత ఆవిడ అత్త వైపు తిరిగి, గంప ఎంత లోతు ఉండాలో ఎలా తెలుస్తుంది, కొలత ఏమిటి అని అడిగింది. నిజం చెబితే, కొలతలన్నీ కోడలు చిత్రిక పట్టించేసిందని చెప్పాలి. చేతిపని పద్ధతే పోయిన కొట్టుని జాబితాలో ఎవరు రాస్తారు?

అత్త తల ఎత్తకుండా, "కొలతేటుందమ్మా, కంటితో చూసుకుంటాం. అలవాటు" అంది.

ఆవిడ 'కంటి కొలత' అని రాసుకుంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత క్షణంలోనే సిగ్గుతో చచ్చిపోయాను. డెబ్బై ఏళ్ళ మనిషి, తను పుట్టి బుద్ధెరిగాక చేసిన పని గురించి మొదటిసారి ఎవరో శ్రద్ధగా అడిగితే, నా కోసం అబద్ధం చెప్పింది. కొన్నాళ్ళకి నేనే ఆ బృందానికి ఉత్తరం రాశాను. కంటి కొలత కాదు, స్తంభం మీద మనిషి కొలత, దాన్ని తీయించేసింది ఫలానా కోడలు అని ఉన్నదున్నట్టు రాశాను. ఆవిడ మర్యాదగా జవాబిచ్చింది. కాగితంలో ఆ మాట దిద్దించింది. కొట్టు పేరు కూడా జాబితాలో ఉంచింది. ఇప్పుడు మా గోడ మీద బోర్డు ఉంది, నీలం రంగుది.

బృందం వెళ్ళిపోయిన రోజు సాయంత్రం నేను అత్త దగ్గర కూర్చుని, "ఎందుకలా చెప్పావు అత్తా?" అని అడిగాను.

"కొట్టు పోతే నువ్వేం చేస్తావు, వాడేం చేస్తాడు?" అంది. కాసేపు బద్ద గీకి, "వాళ్ళకి చెప్పకపోతే ఓ కాయితం తప్పవుద్ది. అంతే గదా. నువ్వు చెప్పాల్సింది వాళ్ళకి కాదు. అది వచ్చి ఈ స్తంభం చూడకముందే నువ్వెళ్ళి చెప్పాలి" అంది.

"నువ్వు కూడా రా అత్తా."

"నే రాను. నేనొస్తే అది నా మొహం చూసి ఊరుకుంటాది. దాని నోట్లోంచి రావాల్సిన మాట రాదు. నువ్వొక్కదానివే ఎళ్ళు."

వెళ్ళలేదు. రేపు వెళ్తానన్నాను. పండగ వెళ్ళాక అన్నాను. వానలు తగ్గాక అన్నాను. అడవిపొలం ఏమైనా కాశీయా, మా ఆయన ఆటోలో కూర్చుంటే ఎంతసేపు? ప్రతి సంత రోజూ వీధి మొగ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. నెరిసిన ముడి, కట్టు పైకి దోపిన చీర ఎవరిది కనిపించినా కొట్టు లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఈలోగా ఇద్దరు పాత ఖాతాదారులు గంపలకి కబురు పెట్టారు. అత్త కొలతకి రమ్మని తిరుగు కబురు పెట్టింది. "ఇన్నేళ్ళకి మళ్ళీ కొలతేంటే?" అని వాళ్ళు నవ్వుతూ వచ్చారు. చెద పట్టిందని అత్త చెప్పింది. ఈసారి స్తంభం మీద గాటు పెట్టలేదు. వార్నిషు వేసిన ఆ చెక్క మీద ఆవిడ కత్తి పెట్టలేదు. తాడుతో కొలిచి ముడులు వేసుకుని, తాడు మేకుకి తగిలించింది. వాళ్ళలో ఒకావిడ స్తంభాన్ని చూసి, "అయితే మా అమ్మదీ పోయిందన్నమాట" అంది. నేను మళ్ళీ బయట పెట్టిన టబ్బులు తుడుస్తున్నట్టు అటు తిరిగి కూర్చున్నాను.

అప్పుడే అనుకుంటాను, నాకు కొంచెం బుర్రకెక్కింది. పాతది అంటే పాతగా కనబడేది అని నేను అనుకున్నాను. సున్నం కొట్టిన గోడ, వరసగా పేర్చిన గంపలు, మెరిసే టేకు. వచ్చినవాళ్ళు చూసేది అదే కదా అనుకున్నాను. మా అత్తకి ఆ స్తంభం పనిముట్టు. ఆ ఆడవాళ్ళకి అది తమ ఒళ్ళు. నాకు ఒక్కదానికే మురికి. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ ఇంకోలా రాస్తే అబద్ధమవుతుంది.

కార్తీకం దగ్గర పడింది. ఆవిడ తప్పకుండా వచ్చే నెల అది. ఇంక ఆగితే ఆవిడే వస్తుంది. ఒక ఉదయం మా ఆయన్ని ఆటో తియ్యమన్నాను. దారంతా ఎలా చెప్పాలో కూడబలుక్కున్నాను. అడవిపొలం వెళ్ళేసరికి కూడబలుక్కున్నదేదీ మిగల్లేదు. ఆయన్ని రోడ్డు మీదే ఆగమని నేను లోపలికి నడిచాను.

ఆవిడ వాకిట్లో వల పరిచి, ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూడగానే లేవబోయి, "అక్కకి ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"బాగానే ఉంది చిన్నత్తా."

"అమ్మయ్య. నువ్వెప్పుడూ రావుగా, దడుచుకున్నాను. కూకో, నీళ్ళు తెస్తాను."

"నీళ్ళొద్దు. నేను నీకొకటి చెప్పాలి." నిలబడే చెప్పాను. "మా కొట్టు ముందు స్తంభం... పెద్దవాళ్ళెవరో చూడ్డానికొస్తున్నారని నేను చిత్రిక పట్టించేశాను. అత్త ఊళ్ళో లేదు. అత్తకి తెలీదు. నేనే. గాట్లు పోయాయి."

ఆవిడ చేతిలో చేప అలాగే ఉంది.

"అన్నీనా?"

"అన్నీ."

"మా పిల్లదీ?"

తల ఊపాను.

ఆవిడ మళ్ళీ వల మీదికి వంగింది. ఒక వరస చేపలు తిరగేసింది. ఆ తర్వాత రెండో వరస. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని, అవి నెత్తిన వేయించుకుని వెళ్ళాలని వచ్చాను నేను. ఎండ నా మెడ మీద కాలుతోంది. ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. మూడో వరస అయ్యాక లేచి, గోలెం దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇలా రా" అని, నా భుజం పట్టుకుని గోడ దగ్గరికి నడిపించింది. "వీపు ఆనించు. తిన్నగా నిలబడు."

నిలబడ్డాను. ఆవిడ నా ఎదురుగా నిలబడి, అరచెయ్యి బోర్లించి నా చెవి పక్కన పెట్టింది.

"నీ చెవి దాకా వచ్చేది" అంది. చూసింది. "కాదు. ఆ గాటు చుట్టకుదురుతో కలిపి గదా. అది తీసేస్తే రెండు వేళ్ళు తగ్గుద్ది." చెయ్యి కొంచెం దించింది. "కాదు. మరీ ఇంత పొట్టి కాదు మా పిల్ల. దాని నెత్తి నా బొట్టుకి తగిలేది. అప్పుడు నేనింకా వంగలేదు." చెయ్యి పైకి వెళ్ళింది, నా కణత దాకా. అక్కడ కాసేపు ఉంది. మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది. వేళ్ళకి చేపల వాసన. ఆవిడ నా మొహంలోకి చూడటం లేదు. ఆ చెయ్యినే చూస్తోంది, అది ఎవరిదో అన్నట్టు.

"మొన్నటిదాకా తెలుసమ్మా నాకు" అంది.

చెయ్యి దించలేదు. నేను గోడకి ఆనుకుని, కదలకుండా నిలబడ్డాను.